దేశ సంపదలో పైవారి వాటా ఎంత? ఆ లెక్క ఎలా కడతారు, ఎక్కడ జారిపోతుంది

క్లుప్తంగా: సంపద కేంద్రీకరణపై వచ్చే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకటి ఖర్చును కొలిస్తే మరొకటి ఆస్తిని కొలవడం, ఇంటింటి సర్వేలకు అతి సంపన్నులు చిక్కకపోవడం, భూమి విలువ కట్టే తీరు మారిపోతూ ఉండడం ఇందుకు కారణాలు. మన దేశంలో మరణ పన్ను, సంపద పన్ను రద్దయ్యాక ఈ లెక్కను సరిచూసుకునే దారులు ఇంకా తగ్గాయి. పైవారి వాటా పెరిగిందన్న దిశ నిలకడైనదే. కచ్చితమైన శాతం మాత్రం అంచనాయే.

2024 మార్చిలో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు నితిన్ కుమార్ భారతి, లూకాస్ చాన్సెల్, తోమా పికెటీ, అన్మోల్ సోమంచి ఒక పత్రం విడుదల చేశారు. 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పై 1 శాతం మంది చేతిలో ఉందని, పై 10 శాతం మంది వాటా 65 శాతమని, కింది సగం జనానికి మిగిలింది 6.4 శాతమేనని అందులో తేల్చారు. ప్రభుత్వమే జరిపిన 77వ రౌండు అఖిల భారత రుణ, పెట్టుబడి సర్వే ప్రకారం పై 10 శాతం కుటుంబాల వాటా గ్రామాల్లో 50.8 శాతం, పట్టణాల్లో 55.7 శాతం. ఇక 2025 జులైలో కేంద్రం, అసమానతను సున్నా నుంచి నూరు దాకా కొలిచే గినీ సూచీ మన దగ్గర 25.5 మాత్రమేనని, సమానత్వంలో భారత్ ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉందని ప్రకటించింది. మూడూ చదివిన పాఠకుడికి ఏది నమ్మాలో తోచకపోవడం సహజం.

ఖర్చు వేరు, ఆదాయం వేరు, ఆస్తి వేరు

25.5 అన్నది కుటుంబాల వినియోగ ఖర్చు మీద కట్టిన లెక్క. తిండికి, బట్టకు, ఫీజులకు, ఆస్పత్రికి ఎవరెంత ఖర్చు పెడుతున్నారన్నదే అందులో ఉంటుంది. పేదవాడు అప్పు చేసైనా తినాలి. ధనవంతుడు ఎంత ఖర్చు పెట్టినా ఆదాయంలో పెద్ద భాగం మిగిలిపోతుంది. అందుకే ఏ దేశంలోనైనా ఖర్చులో కనిపించే తేడా ఆదాయంలోని తేడా కంటే తక్కువ, ఆదాయంలోని తేడా ఆస్తిలోని తేడా కంటే తక్కువ. వినియోగపు గినీని మరో దేశపు ఆదాయపు గినీ పక్కన పెట్టి ర్యాంకు ఇవ్వడం కుదరని పని. అలా ఇచ్చిన ర్యాంకును పట్టించుకోనక్కర్లేదు.

సంపద వాటాల లెక్కలో కొలిచేది నికర ఆస్తి. భూమి, ఇల్లు, పశువులు, యంత్రాలు, డిపాజిట్లు, షేర్లు అన్నీ కలిపి, అందులోంచి అప్పులు తీసేస్తే మిగిలేది. చెప్పడానికి ఒక్క వాక్యమే. కట్టడానికి కూర్చుంటే ప్రతి పదం దగ్గరా ఒక చిక్కు.

బంగారుపాళ్యం దగ్గర ఒక ఇల్లు

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు ఒక మామిడి రైతు కుటుంబాన్ని ఊహించుకుందాం. రెండెకరాల పట్టా భూమిలో తోతాపురి తోట, తాతకు ప్రభుత్వం ఇచ్చిన ఎకరం డీకేటీ (అసైన్డ్) భూమి, మిద్దె ఇల్లు, రెండు పాడి ఆవులు, కొంత డిపాజిట్టు, నడుస్తున్న చీటీ, ఇంట్లో పది సవర్ల నగలు. అందులో కొన్ని బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. మొత్తం అప్పు 4.5 లక్షలు, అందులో నగల మీద తెచ్చింది 3 లక్షలు.

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పట్టికలో ఎకరం 8 లక్షలు, ఊళ్లో పలికే ధర 25 లక్షలు అనుకుందాం. ఇల్లు 7 లక్షలు, ఆవులు 1.2 లక్షలు, డిపాజిట్టూ చీటీ కలిపి 1.3 లక్షలు. ప్రభుత్వ ధరతో కడితే పట్టా భూమి 16 లక్షలు, నగలు, డీకేటీ భూమి కాకుండా మొత్తం 25.5 లక్షలు, అప్పు పోను 21 లక్షలు. ఊరి ధరతో కడితే భూమి 50 లక్షలు, అప్పు పోను 55 లక్షలు. డీకేటీ ఎకరానికి కూడా అదే ధర వేస్తే 80 లక్షలు. ఇల్లు అదే, మనుషులు వాళ్లే. అయినా ఆస్తి 21 లక్షలా, 80 లక్షలా అన్నది లెక్క కట్టేవారు పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది.

డీకేటీ భూమి సంగతి ఇంకా లోతుగా చూడాలి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మకూడదు. నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. అమ్మలేని భూమికి విలువ ఎంత? సున్నా అనలేం, దాని మీద పంట వస్తోంది. పక్క పట్టా భూమి ధరా వేయలేం, ఎందుకంటే ఆ ధరకు కొనేవాడు లేడు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, కేటాయించి 20 ఏళ్లు దాటిన భూములపై అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇచ్చింది. తర్వాత ప్రభుత్వం మారాక, అలా పూర్తి హక్కు వచ్చిన (ఫ్రీహోల్డు) భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది. అంటే ఒక్క సెంటు భూమి కూడా చేతులు మారకుండానే ఆ కుటుంబం ఆస్తి ఒకసారి పెరిగింది, మళ్లీ అనుమానంలో పడింది. పదేళ్లకొకసారి జరిగే సర్వే ఏ నెలలో తలుపు తట్టిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. తిరుపతిలో మఠం భూముల్లో కట్టుకున్న ఇళ్లకూ ఇదే చిక్కు. గోడలకు, పైకప్పుకు ఖరీదు కట్టొచ్చు. కింది స్థలం ఎవరి ఖాతాలో వేయాలి?

నగల దగ్గర జరిగే పొరపాటు మరో రకం. రుణ, పెట్టుబడి సర్వే 2012-13 రౌండులో గృహోపకరణాలను, నగలను ఆస్తుల జాబితా నుంచి తప్పించారు. అప్పు మాత్రం అప్పుగానే లెక్కలో ఉంటుంది. తాకట్టు పెట్టిన నగ లెక్కకు రాక, దాని మీద తెచ్చిన 3 లక్షలు మాత్రం తీసివేతలోకి వస్తే ఆ ఇల్లు ఉన్నదాని కంటే పేదగా కనిపిస్తుంది. బంగారం కుదువపెట్టి సాగు చేసే రాయలసీమ లాంటి ప్రాంతాల్లో ఇది చిన్న తేడా కాదు.

కొలతల్లోనూ జాగ్రత్త కావాలి. తిరుపతిలో స్థలం అంకణాల్లో చెబుతారు, అంకణానికి 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అదే అంకణం 72 అడుగులు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో పాత చిత్తూరు ప్రాంతాలు, పాత నెల్లూరు ప్రాంతాలు రెండూ కలిశాయి. ఏ అంకణమో అడక్కుండా రాసుకుంటే ఆస్తి సగానికో రెట్టింపుకో మారిపోతుంది.

అందరి భూమీ ఒకే నిష్పత్తిలో తక్కువగా కడితే వాటాలు మారవు. కానీ అలా జరగదు. రేణిగుంట రోడ్డు పక్క స్థలానికి ప్రభుత్వ ధరకూ బజారు ధరకూ ఉన్న తేడా, లోపలి మండలంలోని మెట్ట భూమికి ఉండే తేడా ఒకటి కావు. పైగా స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైన షేరుకు రోజూ బజారు ధరే ఉంటుంది. భూమిని తక్కువగా, షేరును పూర్తిగా లెక్కిస్తే పైవారి వాటా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. అసమానత గురించి ఆందోళన ఉన్నవారు కూడా ఈ మాట ఒప్పుకుని తీరాలి. అయితే దీనికి ఎదురుగా లాగే లోపం ఒకటుంది, అది దీనికంటే పెద్దది.

సర్వేకు చిక్కనివారు

77వ రౌండులో 5,940 గ్రామాల్లో 69,455 కుటుంబాలను, పట్టణాల్లోని 3,995 బ్లాకుల్లో 47,006 కుటుంబాలను అడిగారు. మొత్తం 1,16,461. దేశంలో కుటుంబాలు సుమారు 30 కోట్లు అనుకుంటే దాదాపు 2,600 కుటుంబాలకు ఒకటి వంతున నమూనాలోకి వచ్చినట్టు. శత కోటి డాలర్లు దాటిన భారతీయులు 1991లో ఒక్కరు, 2011లో 52 మంది, 2022లో 162 మంది. వారిలో ఒక్కరైనా నమూనాలో పడే అవకాశం సగటు లెక్కన 6 శాతం. 16 రౌండ్లు జరిపితే ఒకసారి ఒక్కరు తగులుతారు. రౌండుకు పదేళ్లు. పడ్డా, ఇంటికొచ్చిన ఎన్యూమరేటరుకు తన కంపెనీల్లోని వాటాలన్నీ చదివి చెబుతారని ఆశించడం కష్టం.

అబద్ధం చెప్పడం ఒక్కటే కారణం కాదు. గేటెడ్ కమ్యూనిటీలోకి ఎన్యూమరేటరును వాచ్‌మన్ లోనికి పోనివ్వడు. ఇంట్లో దొరికిన మనిషికి ఆస్తులన్నీ తెలియవు. భార్య పేర, పిల్లల పేర, ట్రస్టు పేర ఉన్నవి ఒకే చోట రాసి ఉండవు. అదే రెండెకరాల రైతు దగ్గర పాసు పుస్తకం, ఇల్లు, ఆవులు అన్నీ కంటికి కనిపిస్తాయి. ఈ సర్వే కిందివారిని బాగా చూస్తుంది, పైవారిని చూడలేదు. గ్రామీణ కుటుంబాల ఆస్తిలో భూమి, భవనాల వాటా 91 శాతమని, పట్టణాల్లో 87 శాతమని సర్వే చెప్పడంలోనే ఆ సంగతి తెలుస్తుంది. కంపెనీల షేర్లలో ఉన్న సంపద దాని వలలో దాదాపు పడలేదు.

ఈ లోపం ఎప్పుడూ ఒకేలా ఉండదు, కాలంతో పాటు పెరుగుతుంది. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు ఉన్న రోజుల్లో సంపద అంటే భూమే. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చాక పెద్ద కమతాలు చాలావరకు విడిపోయాయి. కొత్త సంపద ఫ్యాక్టరీల్లో, కాంట్రాక్టుల్లో, విద్యాసంస్థల్లో, షేర్లలో పెరిగింది. కంటికి కనిపించే ఆస్తి నుంచి కనిపించని ఆస్తికి సంపద తరలిపోతుంటే, ఇంటింటికీ తిరిగే సర్వే ప్రతి దశాబ్దమూ ఇంకొంచెం ఎక్కువ వదిలేస్తుంది. సర్వేను మాత్రమే నమ్మితే, కేంద్రీకరణ పెరిగిన వేగం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.

పై అంచును అతికించే పద్ధతి

అందుకే పరిశోధకులు సర్వేను ఒక స్థాయి వరకే నమ్మి, ఆపైన పత్రికలు ప్రచురించే సంపన్నుల జాబితాలను తెచ్చి కలుపుతారు. మధ్యలోని ఖాళీని పరేటో సూత్రంతో పూడుస్తారు. ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటో 19వ శతాబ్దం చివర్లో గమనించిన తీరు ఇది. ఒక స్థాయి దాటినవారి సగటు ఆస్తి ఆ స్థాయికి స్థిరమైన రెట్లలో ఉంటుంది. ఆ సూత్రంలోని గుణకం 2 అయితే, కోటి దాటినవారి సగటు 2 కోట్లు. గుణకం 1.5 అయితే సగటు 3 కోట్లు. గుణకం తగ్గేకొద్దీ పైన గుమిగూడిన సంపద ఎక్కువ.

ఇందులోని ప్రమాదాన్ని అంకెలతోనే చూడొచ్చు. ఆస్తుల పంపకం మొత్తం ఈ సూత్రం ప్రకారమే ఉందనుకుంటే, గుణకం 1.5 దగ్గర పై 1 శాతం వాటా 21.5 శాతం. 1.3కి తగ్గిస్తే 34.5 శాతం. 1.2 అయితే 46 శాతం. గుణకంలో చిన్న మార్పు, ఫలితంలో రెట్టింపు. సర్వే ఎక్కడ ఆపాలి, జాబితా ఎక్కడ మొదలవ్వాలి అన్న నిర్ణయాలే ఆ గుణకాన్ని తేలుస్తాయి. పైగా సంపన్నుల జాబితాలు ఒక కుటుంబంలోని అన్నదమ్ములందరి ఆస్తినీ ఒక్క పేరు కింద వేస్తాయి, కంపెనీ అప్పులు తెలుస్తాయి గానీ సొంత అప్పులు తెలియవు, డాలరు మారకం రేటు మారినా విలువ మారిపోతుంది. 2022-23కి చెప్పిన 40.1 శాతం కూడా 2018 నాటి ఆస్తులను చూపే 77వ రౌండు సర్వే పంపకాన్ని ముందుకు జరిపి, జాబితాలతో అతికించి కట్టినదే. చేసినవారు పద్ధతిని దాచలేదు, సమాచారం నాసిరకంగా ఉందనీ చెప్పారు. శీర్షికల్లో ఆ మాట పడిపోతుంది.

మూసుకుపోయిన దారులు

సర్వే కాకుండా ఆస్తిని కొలిచే దారులు మరికొన్ని ఉన్నాయి. బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ వాడుతున్నది మరణ రికార్డుల పద్ధతి. ఒక వయసు వారిలో ఏటా 2 శాతం మంది చనిపోతుంటే, చనిపోయిన ఒక్కొక్కరి ఆస్తీ బతికున్న 50 మందికి ప్రతినిధి. సంపన్నులు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి వారికి మరణ రేటు 1.25 శాతం తీసుకుంటే ఆ 50 కాస్తా 80 అవుతుంది. ఈ సర్దుబాటు చేయకపోతే పైవారి ఆస్తి తక్కువగా తేలుతుంది. మన దేశంలో 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ (మరణ పన్ను) గరిష్ఠంగా 85 శాతం దాకా వెళ్లింది. వసూలు మాత్రం స్వల్పం. 1985లో రద్దు చేశారు. దాంతో చనిపోయినవారి ఆస్తుల పట్టిక కూడా పోయింది.

రెండో దారి సంపద పన్ను. 1957 నాటి ఆ చట్టంలో 1993 నుంచి షేర్లకు మినహాయింపు దొరికింది. సాగు భూమీ లెక్కలో లేదు. 30 లక్షలు దాటిన స్థలాలు, కార్లు, నగల మీద 1 శాతం పన్నుగా మిగిలిన ఆ చట్టం 2013-14లో తెచ్చింది 1,008 కోట్లు. 2015 బడ్జెట్లో దాన్ని ఎత్తేసి, కోటి దాటిన ఆదాయంపై అదనపు సర్‌చార్జి వేశారు. ఆదాయం పరంగా ఖజానాకు నష్టం లేదు. సమాచారం పరంగా ఉంది. స్వీడన్ 2007లో సంపద పన్ను తీసేసినప్పుడు అక్కడి ఆస్తుల రిజిస్టరు కూడా ఆగిపోయింది. కొనసాగించిన నార్వేలో ఇప్పటికీ కుటుంబాల వారీ నమోదు ఉంది.

మూడోది, ఆదాయం నుంచి ఆస్తిని వెనక్కి కట్టడం. ఒకరికి 2 లక్షల డివిడెండు వచ్చింది, షేర్ల సగటు రాబడి 2 శాతం అనుకుంటే ఆయన షేర్ల విలువ కోటి. రాబడి 1 శాతమే అయితే 2 కోట్లు. మన దగ్గర 1997 నుంచి 2020 దాకా దాదాపు అన్నేళ్లూ డివిడెండు పన్ను కంపెనీయే కట్టేది, వాటాదారు చేతిలో అది చాలావరకు పన్ను లేని ఆదాయం. సాగు ఆదాయానికి కేంద్ర పన్నే లేదు. ఆ పైన, ఆదాయపు పన్ను గణాంకాల ప్రచురణే 2000 ప్రాంతంలో ఆగిపోయి, 2016లో గానీ తిరిగి మొదలు కాలేదు. ఇక ఈ పద్ధతికి ఇక్కడ కాలూనే చోటు లేకుండా పోయింది.

దక్షిణాఫ్రికాతో పోలిక

అసమానతలో ముందుండే దక్షిణాఫ్రికాలో ఈ పని మెరుగ్గా జరిగింది. అరూప్ చటర్జీ, లియో చైకా, అమోరీ గెథిన్ అనే పరిశోధకులు అక్కడి సర్వేలను, పేర్లు తీసేసిన పన్ను రికార్డులను, జాతీయ ఖాతాల మొత్తాలను కలిపి 1993 నుంచి 2017 దాకా వరుస కట్టారు. పై 10 శాతం వాటా సుమారు 86 శాతం. ఒక్క 0.1 శాతం మంది దగ్గరే దాదాపు మూడో వంతు. కింది సగానికి ఆస్తి కంటే అప్పే ఎక్కువ. వర్ణ వివక్ష పాలన పోయాక కూడా ఈ కేంద్రీకరణ తగ్గిన జాడ లేదని తేలింది. అక్కడ ఎస్టేట్ డ్యూటీ ఇంకా అమలులో ఉంది, వడ్డీ, పింఛను నిధుల వివరాలు పన్ను శాఖకు నేరుగా చేరతాయి.

మన అంకె 65, వాళ్లది 86 కాబట్టి మనం నయం అనుకోవడం తొందరపాటు. అక్కడ నల్లజాతి జనానికి భూమిపై హక్కే లేకుండా చేసిన చరిత్ర ఉంది. ఇక్కడ ఎంత చిన్నదైనా సెంట్ల లెక్కన భూమి, ఇల్లు చాలామందికి ఉన్నాయి. ఆ తేడా నిజం. కానీ పై అంచును అక్కడ పన్ను రికార్డులతో చూశారు, ఇక్కడ పత్రికల జాబితాలతో ఊహించారు.

అరవై ఏళ్ల వరుసలోని అతుకులు

పై 1 శాతం వాటా 1961లో 13 శాతం ఉండేదని, అది మూడు రెట్లయిందని ల్యాబ్ పరిశోధకులు అంటున్నప్పుడు ఆ వరుస ఎలా నిలబడిందో తెలియాలి. 1951-52లో రిజర్వ్ బ్యాంకు జరిపిన గ్రామీణ పరపతి సర్వే దీనికి మూలం. 1961, 1971 రౌండ్లు గ్రామాలకే పరిమితం. పట్టణాలు చేరింది 1981-82 నుంచి. తర్వాత 1991, 2002, 2012, 2018. జాబితాలోని ఆస్తులు మారాయి, ధర కట్టే నియమాలు మారాయి. కుటుంబం కూడా మారింది. ముగ్గురు అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే ఒక కుటుంబం మూడవుతుంది, తలసరి ఆస్తి మారకపోయినా కుటుంబాల పట్టికలో పెద్ద ఇల్లు మాయమవుతుంది. అందుకే ల్యాబ్ పరిశోధకులు వయోజన వ్యక్తిని ప్రమాణంగా పెట్టుకుని, ఇంటి ఆస్తిని పెద్దలందరికీ సమానంగా పంచుతారు. ఇంట్లో ఆస్తి ఎవరి పేర ఉందన్న స్త్రీ పురుష తేడా ఆ పంపకంలో కనబడకుండా పోతుంది.

ఒక జిల్లాకు ఈ లెక్క దిగదు. ఊరికి పన్నెండు ఇళ్ల లోపే నమూనా తీసుకునే సర్వే చిత్తూరు జిల్లాలో పై 1 శాతం వాటా ఎంతో చెప్పలేదు. అలా చెప్పే పట్టిక ఎక్కడైనా కనిపిస్తే అనుమానించాలి.

వ్యక్తుల చేతిలో లేని సంపద మరో సమస్య. 2022 నవంబరులో టీటీడీ విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో 15,938 కోట్ల డిపాజిట్లు, 10 టన్నులు దాటిన బంగారం ఉన్నాయి. అది ఏ కుటుంబానిదీ కాదు కాబట్టి కుటుంబ సంపద లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. అయితే ఒక కుటుంబమే నడిపే విద్యా ట్రస్టు ఆస్తి కూడా ఇదే నియమం కింద లెక్క నుంచి తప్పుకుంటుంది. పేరుకు ట్రస్టుదే, నిర్వహణ, అనుభవం ఆ కుటుంబానివి. రెంటినీ ఒకే గాట కట్టడం సరి కాదు, విడదీసే రికార్డు లేదు.

రికార్డులు ఉన్నాయి, కలవడం లేదు

సర్వేలకు బదులు వాడదగిన సమాచారం ఇప్పుడు ప్రభుత్వం దగ్గరే పోగుపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్లో దొరుకుతుంది. 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు కంప్యూటరుకెక్కాయి. కానీ భూమి ఖాతా గ్రామం వారీగా ఉంటుంది. పాకాలలో, చంద్రగిరిలో, పుత్తూరులో భూములున్న మనిషికి మూడు ఖాతాలు, మూడు 1బీలు. వాటిని ఒక్క మనిషి కింద కూడే పట్టిక ప్రచురణకు రాదు. షేర్లు డీమ్యాట్ ఖాతాల్లో పాన్ నంబరు మీద ఉంటాయి. 30 లక్షలు, ఆపై విలువైన స్థిరాస్తి లావాదేవీలను సబ్‌రిజిస్ట్రార్లు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తూనే ఉన్నారు.

2002, 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత ఎన్నికల అభ్యర్థులు ఫారం 26 అనే అఫిడవిట్టులో సర్వే నంబర్లతో సహా ఆస్తులు, అప్పులు, కొన్న ధర, ప్రస్తుత ధర రాసి ఇస్తున్నారు. చిత్తూరు కలెక్టరేటులో వేసిన అఫిడవిట్టును ఎవరైనా ఇంట్లో కూర్చుని చదవొచ్చు. అభ్యర్థులు జనానికి నమూనా కారు గానీ, కొన్న ధరకూ నేటి ధరకూ ఎంత దూరం ఉందో, భూమి ఎన్ని ఊళ్లలో, ఎవరెవరి పేర చెదిరి ఉంటుందో ఆ కాగితాల్లో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

అన్నిటికంటే దగ్గరి దారి ఆదాయపు పన్ను రిటర్నులోని ఆస్తులు, అప్పుల పట్టిక, షెడ్యూల్ ఏఎల్. ఆదాయం 50 లక్షలు దాటినవారు తమ స్థలాలు, ఇళ్లు, నగలు, షేర్లు, డిపాజిట్లు, అప్పులు అందులో రాయాల్సి ఉండేది. 2025-26 మదింపు సంవత్సరం నుంచి ఆ పరిమితిని కోటికి పెంచారు. దీనికీ లోటుంది. విలువలు కొన్న ధరకే రాస్తారు, 1990లో రేణిగుంట దగ్గర కొన్న ఎకరం నేటికీ అప్పటి రేటులోనే కనిపిస్తుంది. ఆదాయం తక్కువగా చూపించి ఆస్తి దండిగా ఉన్నవారు దీనికి దొరకరు. అయినా కొన్న సంవత్సరం ఒక్క గడి చేరిస్తే నేటి ధరకు మార్చుకోవచ్చు. పేర్లు తీసేసి శ్రేణుల వారీగా ప్రచురిస్తే, పత్రికల జాబితాకూ సర్వేకూ మధ్య ఇప్పుడు సూత్రంతో పూడుస్తున్న ఖాళీలోకి అసలు అంకెలు వస్తాయి. పన్ను శాఖ ఏటా విడుదల చేసే గణాంకాల్లో ఆదాయ శ్రేణుల పట్టికలు ఇప్పటికే ఉన్నాయి. వాటి పక్కన ఆస్తి శ్రేణుల పట్టిక ఒకటి చేర్చడానికి కొత్త పన్ను అక్కర్లేదు, కొత్త సర్వే అక్కర్లేదు.